ఉగాది స్టేజీ కంప్యూటర్: పవర్ సప్లై సంగతి

స్టేజీ టీమ్, గురువారం రాత్రి

అందరికీ నమస్కారం. నిన్న రిహార్సల్‌లో మన కంప్యూటర్ రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అయింది కదా. రెండుసార్లూ కూచిపూడి వెనకాల వీడియో నడుస్తున్నప్పుడే. అప్పటి నుంచి గ్రూపులో వోల్టులు చూపించే ఒక సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ తిరుగుతోంది. పవర్ సప్లై, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన చిన్న వోల్టులుగా మార్చే డబ్బా, 12 వోల్టులు ఇవ్వాల్సిన చోట 8.1 చూపిస్తోంది. పేలిపోతుందా అని ముగ్గురు ఫోన్ చేశారు.

టెన్షన్ పడకండి. నిజంగా 8 వోల్టులే వస్తుంటే ఆ స్క్రీన్‌షాట్ తీయడానికి కూడా కంప్యూటర్ లేచేది కాదు. మదర్‌బోర్డు మోడల్ సరిగ్గా పోల్చుకోలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్లు ఇలాంటి వింత అంకెలే చూపిస్తాయి. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే వెళ్లగలిగే సెట్టింగుల తెరలో, 12.1 ఉంది. అయితే దాన్ని చూసీ సంబరపడలేం, అక్కడ వీడియో నడిపే గ్రాఫిక్స్ కార్డుకి పనే ఉండదు.

అందుకే సాయంత్రం వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకుని, బెంగళూరు మారతహళ్లిలో మన కంప్యూటర్ ఉన్న చోటికి వెళ్లాను. కేసు మూత తీస్తే లోపల పాత హార్డ్‌డిస్కులకి పెట్టే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ ఒకటి ఖాళీగా వేలాడుతోంది. మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్ నల్ల వైరు రంధ్రంలో, ఎర్ర ప్రోబ్ పసుపు వైరు రంధ్రంలో దూర్చాను. పసుపు 12, ఎరుపు 5. నారింజ వైరు 3.3, అది మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో ఉంటుంది, వెనక నుంచి తాకించాలి.

ఖాళీగా ఉన్నప్పుడు 12.04. బానే ఉంది అనుకున్నాను. అదే వీడియో పెట్టాక 11.6కి దిగింది, తర్వాత 11.4. ఫ్యాన్ హోరు పెరిగేకొద్దీ అంకె జారుతూ 11.27 దగ్గర ఊగిసలాడింది. 5, 3.3 మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

కంప్యూటర్ పవర్ సప్లైలకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం లెక్కలో 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 12కి 11.40 నుంచి 12.60, 5కి 4.75 నుంచి 5.25, 3.3కి సుమారు 3.14 నుంచి 3.47. మనది గీత దాటింది. కాస్తేగా అనకండి, మీటరు చూపించేది సగటు మాత్రమే. కార్డు ఒక్కసారిగా లాగినప్పుడు రెప్పపాటులో పడే గుంటలు దానికి ఆనవు. నా మాట: సప్లై మార్చేద్దాం.

సౌండ్ టీమ్

అన్నా, హాల్లో కరెంటే తక్కువ వస్తోందేమో? ఇంకో సంగతి, మా బావగారు అమెరికా నుంచి తెచ్చుకున్న పాత సప్లై ఇస్తామంటున్నారు. నేనే పెట్టి చూడనా?

స్టేజీ టీమ్

మారతహళ్లిలో గోడ ప్లగ్గులో 228 ఉన్నప్పుడే ఇలా దిగింది తమ్ముడూ. కాబట్టి తప్పు హాలుది కాదు.

బావగారి సప్లైని మాత్రం ప్లగ్గులో పెట్టకు! ముందు వెనకాల చిన్న ఎర్ర స్విచ్ ఉందేమో చూడు. ఉంటే, అక్కడి నుంచి వచ్చింది కాబట్టి 115 మీద ఉండొచ్చు. అలాగే మన 230కి తగిలిస్తే ఢామ్మంటుంది. స్విచ్ లేకుండా 100-240 అని రాసి ఉంటే ఆ భయం లేదు. మల్టీమీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో లేకుండా చూసుకో, అందులో ఉండగా వోల్టులు చూడబోతే నేరుగా షార్ట్ అవుతుంది. ఇక సప్లై డబ్బా విప్పే ఆలోచనే వద్దు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవుండొచ్చు.

భోజనాల కమిటీ

మీ వోల్టులు మాకు తెలీవు గానీ, స్టేజీ పక్క బోర్డులో గ్రైండర్ పెట్టుకోవచ్చా?

స్టేజీ టీమ్

వద్దక్కా, దండం పెడతాను. గ్రైండర్ లేచిన ప్రతిసారీ ఆ లైన్లో వోల్టేజీ కుంగుతుంది. వంటగది లైన్లోనే పెట్టండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే వరకు కంప్యూటర్‌ని యూపీఎస్ మోస్తుంది. దానికి స్పీకర్లు తగిలించకండి.

స్టేజీ టీమ్, శనివారం మధ్యాహ్నం

ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారు నుంచి 550 వాట్ల కొత్త సప్లై తెచ్చి బిగించాం. అదే వీడియో 40 నిమిషాలు తిప్పాం. 12.09తో మొదలై 11.98 కిందకి రాలేదు. పాతదాని మీద "పాడైంది" అని చీటీ అంటించాను, ఎవరూ మోజుపడి ఇంటికి తీసుకెళ్లకండి. రేపు ఉదయం 7కి హాల్లో ఇంకోసారి చూస్తాను, టార్చి పట్టుకోవడానికి ఒకరు కావాలి.

సౌండ్ టీమ్

నేనొస్తా అన్నా. బావగారి దానికి ఎర్ర స్విచ్ ఉంది. 115 మీదే ఉంది.

భోజనాల కమిటీ

గ్రైండర్ మార్చేశాం. వేపపువ్వు ఎవరు తెస్తున్నారో ఇంకా ఎవరూ చెప్పలేదు.