అమెరికాలో 'గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీ' సభ్యత్వం అంటే మన గైడ్‌షిప్ లాంటిదేనా?

ప్రశ్న: బ్రాడీపేట మాస్టారు, గుంటూరు

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ఎయిడెడ్ కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. మా అమ్మాయి అమెరికాలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, సివిల్ ఇంజినీరింగు విభాగంలో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ల అమ్మమ్మగారి ఊరు కనిగిరి దగ్గర కావడంతో చిన్నప్పటి నుంచి గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగిన పిల్ల, నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతుల మీదే పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. అదే విశ్వవిద్యాలయంలోని ఒక జలపరిశోధన కేంద్రంలో ఈ విషయంలో మంచి పేరున్న ఆచార్యులు ఒకాయన ఉన్నారు. ఆయన హోదా 'రీసెర్చ్ ప్రొఫెసర్'. అమ్మాయికి నెలనెలా వచ్చే స్టైపెండ్ కూడా ఆయన ప్రాజెక్టు నుంచే.

పోయిన వారం థీసిస్ కమిటీ (పరిశోధనను పర్యవేక్షించి పరీక్షించే ఆచార్యుల బృందం) ఏర్పాటు పత్రాన్ని నింపి ఇస్తే, విభాగంలోని 'డైరెక్టర్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్టడీస్' దాన్ని తిప్పి పంపారట. ఆ ఆచార్యులు గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీలో పూర్తి సభ్యులు కారనీ, కమిటీలో కూర్చోవచ్చు గాని ఒక్కరే అధ్యక్షత వహించడానికి వీల్లేదనీ, విభాగం నుంచి మరొకరిని సహాధ్యక్షులుగా చేర్చి మళ్లీ పంపమనీ అందులో రాశారు. ఫోనులో ఆ మాట వినగానే, ఇంత పేరున్న మనిషికి డిగ్రీ కూడా లేదా అని నేను నిర్ఘాంతపోయాను. మన దగ్గర గ్రాడ్యుయేట్ అంటే బీఏయో బీఎస్సీయో పూర్తిచేసినవాడే కదా! అక్కడ గ్రాడ్యుయేట్ అంటే మన పీజీ, ఆపై చదువులనీ, గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీ అంటే ఆ విద్యార్థులకు మార్గదర్శకత్వం వహించే అర్హత ఉన్న ఆచార్యుల వర్గమనీ అమ్మాయి నవ్వుతూ వివరించాక గాని నా మనసు కుదుటపడలేదు.

అయినా సందేహం పూర్తిగా తీరలేదు. ఆచార్యుడిగా నియమించుకున్న మనిషికే విద్యార్థి థీసిస్ మీద సంతకం పెట్టే అధికారం లేదంటే అది ఆయనలోని లోపమా, లేక కేవలం కార్యాలయపు లాంఛనమా? ఇలాంటి మనిషి దగ్గర చేసిన పీహెచ్‌డీకి రేపు ఇక్కడికి వచ్చి ఉద్యోగానికి దరఖాస్తు చేసినప్పుడు ఏమైనా అభ్యంతరం వస్తుందా? ఈ డైరెక్టర్, డీన్, విభాగాధిపతి అనేవారిలో ఎవరి మాట చెల్లుతుందో కూడా తెలిసినవారు చెప్పగలరని ప్రార్థన.

జవాబు: పటమట విశ్రాంత ఆచార్యుడు, విజయవాడ

మాస్టారూ, నమస్కారం. మీరు భయపడవలసిన పని లేదు. ఉద్యోగం వేరు, గైడ్‌షిప్ (పీహెచ్‌డీ విద్యార్థికి పర్యవేక్షకుడిగా ఉండే అర్హత) వేరు అన్న సంగతి మన విశ్వవిద్యాలయాల్లోనూ ఉన్నదే. డిగ్రీ కళాశాలలో పనిచేసినందువల్ల మీకు అది నేరుగా తగిలి ఉండదు.

2022 నవంబరులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, శాశ్వత ఉద్యోగంలో ఉన్న ప్రొఫెసర్‌కైనా అసోసియేట్ ప్రొఫెసర్‌కైనా పీహెచ్‌డీతో పాటు సమీక్షిత పత్రికల్లో కనీసం 5 వ్యాసాలు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు కనీసం 3 వ్యాసాలు ఉంటేనే గైడ్‌గా గుర్తింపు ఇవ్వవచ్చు. ఆ గుర్తింపు కూడా తాను పనిచేసే విశ్వవిద్యాలయానికి, దాని అనుబంధ పీజీ కళాశాలలకు మాత్రమే చెల్లుతుంది. ఆ గడప దాటితే ఎంతటివారైనా సహ పర్యవేక్షకులే. అడ్జంక్ట్ (శాశ్వత ఉద్యోగం కాక, పరిమిత బాధ్యత మీద పనిచేసే) ఆచార్యులకు సొంత విశ్వవిద్యాలయంలోనూ సహ పర్యవేక్షణ వరకే అవకాశం ఉంది. ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి విద్యార్థులు ఉండకూడదు. విదేశీ విద్యార్థులైతే మరో ఇద్దరి వరకు అదనంగా తీసుకోవచ్చు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు సర్వీసు మిగిలిన వారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. అప్పటికే ఉన్నవారికి విరమణ దాకా గైడ్‌గానూ, ఆ తరువాత 70 ఏళ్లు వచ్చేదాకా సహ పర్యవేక్షకుడిగానూ కొనసాగవచ్చు.

ఈ చివరి నిబంధన అవసరం ఏమిటో నాకు అనుభవంలో తెలుసు. నేను పనిచేసిన చోట ఒక సహోద్యోగి విరమణ దగ్గరపడ్డాక ఒక విద్యార్థినిని చేర్చుకున్నారు. ఆమె థీసిస్ నల్లని అట్టలతో, బంగారు అక్షరాలతో బైండయి వచ్చేనాటికి ఆయన పదవిలో లేరు. గైడ్ మార్పు ఉత్తర్వు ఇంకా పరిపాలనా భవనంలోనే ఉంది. ధ్రువీకరణ పుటలో ఎవరి పేరు ఉండాలో తేలక, చివరికి ప్రతి కాపీలోనూ ఆ ఒక్క కాగితాన్ని తీయించి కొత్త గైడ్ పేరుతో వేయించడానికి, ఆమె చంకలో పసిబిడ్డతో అరండల్‌పేటలోని బైండింగ్ షాపుకు తిరగవలసి వచ్చింది. పరిశోధనలో తప్పేమీ లేదు. సంతకం పెట్టే అర్హత ఎవరిదో చేరిన నాడే చూసుకోకపోవడమే తప్పు. ఆ తప్పు కూడా ఆమెది కాదు, మా అందరిదీ. మీ అమ్మాయి పత్రాన్ని రెండో ఏటనే తిప్పి పంపిన ఆ డైరెక్టర్‌గారికి, నన్నడిగితే, మీరు కృతజ్ఞతలు చెప్పాలి.

జవాబు: గవర్నర్‌పేట నుంచి, విజయవాడ

పెద్దలు చెప్పిన పోలిక చాలావరకు సరిపోతుంది గాని, ఒక ముఖ్యమైన చోట తేడా ఉంది. అమెరికాలో పదకొండేళ్లు చదివి, ఆ తరువాత బోధించి తిరిగివచ్చిన మనిషిగా చెబుతున్నాను.

అక్కడ యూజీసీ వంటి సంస్థ లేదు. ఎవరు పీహెచ్‌డీ విద్యార్థికి మార్గదర్శకత్వం వహించవచ్చో దేశానికంతటికీ ఒకే మాటగా చెప్పే చట్టమూ లేదు. గుర్తింపు సంస్థలు బోధకులకు తగిన అర్హతలు ఉన్నాయా అని అడుగుతాయి గాని, ఎన్ని వ్యాసాలు, ఎందరు విద్యార్థులు అన్న లెక్కను ప్రతి విశ్వవిద్యాలయమూ తానే రాసుకుంటుంది. అందువల్ల ఒక చోట అసిస్టెంట్ ప్రొఫెసర్ టెన్యూర్ ట్రాక్‌లో (శాశ్వత నియామకానికి దారితీసే ఉద్యోగ మార్గంలో) చేరిన రోజే గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీ సభ్యుడైపోతాడు; మరొక చోట విభాగం ప్రతిపాదించి, గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ ఆమోదించాకనే అవుతాడు. కొన్ని చోట్ల పూర్తి సభ్యులు, అసోసియేట్ సభ్యులు, తాత్కాలిక సభ్యులు అని తరగతులు ఉంటాయి. పూర్తి సభ్యుడు కమిటీకి అధ్యక్షత వహించవచ్చు, అసోసియేట్ సభ్యుడు కమిటీలో ఉండవచ్చు, లేదా సహాధ్యక్షుడు కావచ్చు. సభ్యత్వానికి కొన్నేళ్ల గడువు పెట్టి, ఆ కాలంలో ఏం ప్రచురించారు, ఎందరిని పూర్తిచేయించారు అని చూసి పునరుద్ధరించే చోట్లూ ఉన్నాయి.

సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. అక్కడ గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీలో ఉండటం ఒక మెట్టు, డాక్టొరల్ కమిటీకి అధ్యక్షత వహించే ఆమోదం దానిపైన మరో మెట్టు. పైగా ప్రతి డాక్టొరల్ కమిటీలోనూ గ్రాడ్యుయేట్ స్కూల్ ప్రతినిధి అని ఒకరు ఉండి తీరాలి. ఆ మనిషికి కూడా అధ్యక్షత వహించే ఆమోదం ఉండాలి, కాని విద్యార్థి విభాగంతో ఎలాంటి నియామక సంబంధమూ ఉండకూడదు. థీసిస్‌లోని విషయం ఆయనకు తెలిసినా తెలియకపోయినా ఫరవాలేదు. పరీక్ష సక్రమంగా జరిగిందా, విద్యార్థికి అన్యాయం జరగలేదా అని చూడటమే ఆయన పని. మన వైవాకు (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు) బయటి పరీక్షకుడు వచ్చి ప్రశ్నలు అడుగుతాడు గాని, ఇలా కేవలం పద్ధతిని కాపాడటానికి కూర్చునే మనిషి మనకు లేడు. ఉంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇక మీ అమ్మాయి సంగతి. రీసెర్చ్ ప్రొఫెసర్లకు సాధారణంగా జీతం వచ్చేది ప్రాజెక్టుల నుంచి. ప్రాజెక్టు ముగిసి కొత్తది రాకపోతే వారి ఉద్యోగం కూడా ముగియవచ్చు. విద్యార్థి మధ్యలో దిక్కులేనిది కాకూడదని, టెన్యూర్ మార్గంలో ఉన్న ఒకరిని సహాధ్యక్షులుగా కట్టబెడతారు. కాబట్టి అది ఆయన పాండిత్యంలో లోపం కాదు, వట్టి లాంఛనమూ కాదు. అక్కడ డబ్బు ఇచ్చే చెయ్యి, సంతకం పెట్టే చెయ్యి ఒకటే కానవసరం లేదు. మన స్కాలర్లకు ఫెలోషిప్ బయటి నుంచి వచ్చినా, కాగితం మీద సర్వాధికారీ గైడే కాబట్టి ఈ విభజన మనకు వింతగా తోస్తుంది.

ఎవరి మాట చెల్లుతుందని అడిగారు. విభాగాధిపతి చూసేది నియామకాలు, జీతాలు, గదులు. విద్యార్థి ప్రవేశం నుంచి పట్టా దాకా విభాగం తరఫున చూసేది డైరెక్టర్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్టడీస్. సాధారణంగా ఆ విభాగపు ఆచార్యులలో ఒకరే కొన్నేళ్లపాటు ఈ బాధ్యత మోస్తారు. విశ్వవిద్యాలయమంతటికీ పైన గ్రాడ్యుయేట్ స్కూల్ డీన్ ఉంటారు. గ్రాడ్యుయేట్ ఫ్యాకల్టీ నుంచి ఎన్నికైనవారితో గ్రాడ్యుయేట్ కౌన్సిల్ ఉన్న చోట నిబంధనలు చేసేది ఆ కౌన్సిల్, అమలు చేసేదీ మినహాయింపులు ఇచ్చేదీ డీన్. ఇంకొక చిన్న మాట: 'గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్' అన్న పేరు ఒక చోట ఆచార్యుడికి ఉంటుంది, మరో చోట కార్యాలయ సిబ్బందికి ఉంటుంది. పేరు చూసి మోసపోవద్దు. అయితే ఏ కాగితం ఎక్కడ ఆగిందో చెప్పగలిగేది మాత్రం ఎప్పుడూ ఆ సిబ్బందే.

అమ్మాయిని ఒక పని చేయమనండి. సహాధ్యక్షుల పేరు వెతికే ముందు, ఈ ఆచార్యులకు పూర్తి సభ్యత్వం కోసం విభాగం ప్రతిపాదన పంపే వీలుందా అని డైరెక్టర్‌గారిని మర్యాదగా రాతపూర్వకంగా అడగమనండి. చాలాసార్లు సభ్యత్వం లేకపోవడానికి కారణం, ఇంతవరకు ఎవరూ దరఖాస్తు పెట్టకపోవడమే.

జవాబు: అనుబంధ కళాశాల అధ్యాపకుడు, గుంటూరు

మాస్టారి రెండో సందేహానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. శాశ్వత ఆచార్యుడే గైడ్‌గా ఉండాలన్న యూజీసీ నిబంధన మన దేశంలోని సంస్థలు ఇచ్చే పీహెచ్‌డీలకు సంబంధించినది. అమెరికా థీసిస్‌కు అధ్యక్షుడు ఎవరని ఆ నిబంధన కింద అడగరు. చూసేది పట్టా ఇచ్చిన సంస్థను. 2018 నాటి యూజీసీ నియామక నిబంధనల్లో, క్యూఎస్ వంటి ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి 500 లోపు ఉన్న విదేశీ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ ఉన్నవారికి అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత నేరుగా ఇచ్చారు. విదేశీ పట్టాల సమానత్వం మీద 2025 ఏప్రిల్‌లో యూజీసీ వేరుగా నిబంధనలు తెచ్చింది కాబట్టి, తిరిగివచ్చేటప్పుడు ఆ పత్రాన్ని ఒకసారి చదువుకుంటే సరిపోతుంది. సహాధ్యక్షులు ఉన్నారన్న కారణంతో పట్టా విలువ తగ్గదు.

ఒక మాట చెప్పుకోకుండా ఉండలేను. నేను తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఎంఎస్సీ తరగతులకు బోధిస్తున్నాను. పీహెచ్‌డీ ఉంది, ఏడు వ్యాసాలు ఉన్నాయి. నా ల్యాబులో బీకర్లు కడిగి, నా దగ్గరే టైట్రేషన్ నేర్చుకున్న పిల్లలు మరొకరి పేరు మీద నమోదవుతారు. కృతజ్ఞతల పుటలో చివరి పేరాలో నా పేరు ఉంటుంది. ఆ రీసెర్చ్ ప్రొఫెసర్‌గారికి కనీసం సహాధ్యక్షుడనే గౌరవమైనా ముఖపత్రం మీద దక్కుతోంది. నిబంధనలో 'శాశ్వత' అన్న ఒక్క మాట విద్యార్థిని కాపాడుతుందని ఒప్పుకుంటాను. కాని ఖాళీలు ఏళ్ల తరబడి నింపనప్పుడు అదే మాట గైడ్‌లు లేక సీట్లే లేకుండా చేస్తుందని కూడా పెద్దలు గమనించాలి.

ప్రశ్న అడిగినవారు: బ్రాడీపేట మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. గవర్నర్‌పేట వారు చెప్పినట్టే అమ్మాయి డైరెక్టర్‌గారికి రాసింది. ఆ ఆచార్యులు మూడేళ్ల కిందట వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చారట. అక్కడ పూర్తి సభ్యత్వం ఉంది గాని, ఇక్కడికి వచ్చాక మళ్లీ దరఖాస్తు పెట్టాలని ఆయనకు ఎవరూ చెప్పలేదట. సభ్యత్వం సంస్థతోనే పోతుందని పటమట ఆచార్యులు రాసిన మాట అక్కడా నిజమేనన్నమాట. విభాగం ఇప్పుడు ప్రతిపాదన పంపుతోంది, కాని గ్రాడ్యుయేట్ స్కూల్ నిర్ణయం సెమిస్టరు చివరికి గాని రాదట. ఈలోగా కమిటీ పత్రం ఆగకుండా, జలవనరులు బోధించే ఒక అసోసియేట్ ప్రొఫెసర్‌గారు సహాధ్యక్షురాలిగా ఒప్పుకున్నారు.

కాంట్రాక్టు అధ్యాపకుల మాట చదివి అమ్మాయికి వినిపించాను. తన థీసిస్‌లో ఎవరి పేరు ఏ పుటలో ఉండాలో ఇప్పుడే రాసి పెట్టుకుంటానంది.

జవాబు: గవర్నర్‌పేట నుంచి, విజయవాడ

మంచి కబురు. పూర్తి సభ్యత్వం వచ్చినా ఆ సహాధ్యక్షురాలిని తీసేయవద్దని చెప్పండి. ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో అమ్మాయి కనుక్కుని ఉంచుకుంటే మంచిది. కమిటీలో మార్పు ఏది జరిగినా డీన్ కార్యాలయం ఆమోదించిన పత్రం కాపీని తన దగ్గర పెట్టుకోమనండి.