మూడు రూపాయల వడ్డీ అప్పు ముందు తీర్చు తమ్ముడూ

కవిటి తమ్ముడికి,

నిన్న రాత్రి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఏజెంటు కోసం ఊళ్ళో వడ్డీకి తెచ్చిన అప్పు, బ్యాంకులో అమ్మ బంగారం మీద లోను, డ్వాక్రా కిస్తీ, ఇన్ని బరువులతో దోహా వచ్చి నెలన్నర కాలేదు, మొదటి జీతం పూర్తిగా చేతికి రాలేదు, అప్పుడే ఊర్నుంచి వడ్డీ కోసం ఫోన్లు. మాది సోంపేట దగ్గరే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరి, జీడి చెట్లన్నీ పడిపోయాక నేనూ ఇలాగే అప్పు చేసి వచ్చాను, ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అమ్మ బంగారం ముందు విడిపిస్తానని రాశావు. అమ్మ మెడ బోసిగా ఉంటే ఏ కొడుక్కైనా మనసొప్పదు, కానీ ముందు తీర్చాల్సింది అది కాదు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ నూటికి నెలకి ముప్పావలా అనుకో, 60,000కి నెలకి 450 అవుతుంది. ఏజెంటు కోసం ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 1,20,000 మాత్రం నెలకి 3,600 తింటోంది. అంటే ఏడాదికి నూటికి 36.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను, నీకు జరగకూడదనే. నేను తెచ్చింది 1,00,000, అదే మూడు రూపాయల వడ్డీకి. ఇంటికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి, వీలైనప్పుడల్లా కొంత కొంత, మొత్తం 70,000 దాకా పంపాను. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది కదా, అంటే కోర్టులో చెల్లదు, ఆ గడువు దగ్గర పడగానే అప్పిచ్చినాయన నాన్నని పిలిచి నోటు తిరగరాయించాడు. అసలు లక్ష, మూడేళ్ళ వడ్డీ 1,08,000, వెరసి 2,08,000కి కొత్త నోటు. నేను పంపినదేమైందని అడిగితే నాన్న పాత నోటు ఫొటో పంపించాడు. ముందువైపు రెవెన్యూ స్టాంపు మీద నాన్న వంకర సంతకం, వెనకవైపు ఒక్క అక్షరం లేదు. కట్టినట్టు నోటు వెనక రాసే చెల్లు ఒక్కటి కూడా వేయించలేదు మేము! ఇక ఆ రోజు నుంచి వడ్డీకి కూడా వడ్డీ.

అందుకే చెప్తున్నాను, పది రూపాయలు కట్టినా సరే, తేదీ, అంకె, అసలుకా వడ్డీకా అన్నది నోటు వెనక రాయించి, అప్పిచ్చినాయన చేత సంతకం పెట్టించి, అక్కడే ఫొటో తీయమని నాన్నకి చెప్పు. డబ్బు చేతికివ్వకుండా అప్పిచ్చినాయన బ్యాంకు ఖాతాకే వేయమను, అదొక రుజువు. ఖాళీ నోటు మీద మాత్రం ఇంట్లో ఎవరూ సంతకం పెట్టకూడదు.

ఓవర్‌టైంతో కలిపి 1,500 రియాళ్ళు వస్తాయన్నావు. మెస్సుకి, ఫోనుకి పోను 1,150 పంపితే, రియాలు 23 రూపాయలు అనుకుంటే 26,450. ఇంటి ఖర్చు 9,000, డ్వాక్రా కిస్తీ 2,500, ఈ వడ్డీ 3,600 పోను 11,350 మిగులుతుంది. నెలనెలా చిన్న మొత్తం అసలుకి ఇస్తానంటే వాళ్ళు తీసుకోరు, వడ్డీ ఇస్తే చాల్లే అంటారు. నాలుగు నెలలు పోగుచేసి ఒకేసారి 45,000 అసలుకి కట్టు, అప్పటికి వడ్డీ 2,250కి దిగుతుంది. ఆ కట్టే రోజున నాన్నతో పాటు ఊళ్ళో మాట చెల్లే పెద్దమనిషిని ఒకరిని తీసుకెళ్ళి, మిగిలినదానికి రెండు రూపాయలు చేయమని అడగమను. తగ్గించకపోయినా ఇదే పద్ధతిలో పది నెలల్లో ఆ అప్పు తీరుతుంది. వేసవిలో జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఏమైనా చేతికొస్తే ఇంకా ముందే.

క్యాంపులో చీటీ వేయమని అడుగుతారు. మొదటి ఏడాది వద్దు. కిస్తీల మీద ఫోను కూడా వద్దు.

నీ తమ్ముడు కూడా రావాలనుకుంటున్నాడన్నావు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోవాల్సింది 30,000, దానిమీద జీఎస్టీ, అంతే. ప్రభుత్వం వాళ్ళ ఈ-మైగ్రేట్ సైటులో ఏజెంటు లైసెన్సు చూడకుండా ఎవరికీ రూపాయి ఇవ్వొద్దని గట్టిగా చెప్పు.

*

అన్నయ్య రాసినదానికి నాదొక మాట కలుపుతాను. మాది చీపురుపల్లి, ఇక్కడ గల్ఫ్‌లో ఆసుపత్రిలో నర్సుని. డ్వాక్రా కిస్తీ ఒక్క నెల కూడా తప్పనివ్వకు తమ్ముడూ, అమ్మ కట్టకపోతే సంఘంలో అందరికీ తర్వాతి లోను ఇబ్బంది, ఆ ఆడవాళ్ళ ముందు ఆమె తల దించుకోవాలి. బంగారం లోను గడువు తేదీ రసీదు మీద చూసి రాసుకో. ఆ రోజుకి వడ్డీ కట్టి తిరగరాయించకపోతే నోటీసు, ఆ తర్వాత వేలం. ఇంకొకటి, అమ్మ ఖాతాలో ఒక 10,000 కదపకుండా ఉంచు. మా ఇంట్లో అది లేకే నాన్నకి జ్వరమొస్తే మళ్ళీ వడ్డీకిచ్చేవాళ్ళ గుమ్మం ఎక్కాం.

*

చెల్లెమ్మ చెప్పింది నిజం, ఆ 10,000 ముందు పక్కన పెట్టాకే అసలుకి కట్టడం మొదలుపెట్టు, ఒక నెల ఆలస్యమైనా పర్లేదు. శుక్రవారం సెలవే కదా, నాన్నకి ఫోన్ చేసి నోటు మీద తేదీ ఏముందో, ఎంత రాసుందో, వెనక ఏమైనా రాశారేమో చూసి చెప్పమను. అవి రాయి, లెక్క కూర్చుని వేద్దాం.