ఇస్తాంబుల్‌లో రెండు రోజులే: పాత నగరంలో ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

తెనాలి_పాఠకురాలు:
నమస్కారం అండి. వచ్చే నెల అమ్మానాన్నలతో ఇస్తాంబుల్‌లో రెండు రోజులు ఆగుతున్నాం. నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనం, అంటే ఈ నగరం ఆటోమన్ తుర్కుల వశం కావడం, ఆయనకు ఇష్టమైన పాఠం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ట్రావెల్స్ వాళ్లిచ్చిన లిస్టు చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఒకప్పుడు చర్చి, ఇప్పుడు మసీదైన అయా సోఫియాలో టూరిస్టులను పై గ్యాలరీ వరకే పంపుతున్నారట. దానికి 25 యూరోలు దండగేమో?

బోస్ఫరస్_భాను:
దండగ కానే కాదండి. పెళ్లయ్యాక కొన్నేళ్లు ఆసియా వైపు కడికోయ్‌లో ఉన్నాను. ఇంటికొచ్చిన చుట్టాలందరినీ అయా సోఫియాకు తీసుకెళ్లింది నేనే. మీ నాన్నగారు చూడాల్సింది ఆ పై గ్యాలరీనే.

జస్టినియన్ చక్రవర్తి ఆ చర్చిని 532లో మొదలుపెట్టి 537కల్లా పూర్తి చేయించాడు. 558లో గోపురం కూలితే మళ్లీ కట్టారు. గ్యాలరీలో క్రీస్తు, మేరీ, యోహానుల మొజాయిక్ (రంగు ముక్కలు అతికి చేసిన బొమ్మ) ఉంటుంది. కింది భాగం చాలావరకు రాలిపోయింది, ముఖాలు మాత్రం నిలిచాయి. ఆ క్రీస్తు కళ్ల ముందు కాసేపు నిలబడండి, ఫొటో తీసుకుని వచ్చేయకండి. అక్కడికి దగ్గర్లోనే నేల మీద దండోలో అని పేరు చెక్కిన రాయి ఉంటుంది. ఆయన వెనిస్ పాలకుడు. 1204లో క్రూసేడర్లతో (మతయుద్ధానికి బయల్దేరిన ఐరోపా క్రైస్తవ సైనికులతో) కలిసి వచ్చి, తోటి క్రైస్తవుల నగరాన్నే కొల్లగొట్టాడు. ఆ దెబ్బ నుంచి నగరం పూర్తిగా తేరుకోనే లేదు. 1453 పాఠం చెప్పేవాళ్లు 1204 దగ్గర మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. పాలరాతి పిట్టగోడ మీద హాల్‌ఫ్దాన్ అనే వైకింగ్ (ఉత్తర ఐరోపా యోధుడు) గీసిన పేరు కూడా ఉంది, వెతికించండి. కింద నమాజు జరుగుతుంటుంది (1453లో మసీదుగా మారి, 1935 నుంచి మ్యూజియంగా ఉండి, 2020లో మళ్లీ మసీదయింది), కాబట్టి తలకు చున్నీ ఉండాలి.

రెండో రోజు ఉదయం గ్రాండ్ బజార్‌కు వెళ్లండి, ఆదివారం కాకుండా. అక్కడ ఎక్కువసేపు వద్దు. అసలు ఊరు దాని వెనక మహ్ముత్‌పాషా వీధిలో ఉంటుంది. ఎమినోను రేవు వైపు దిగే ఇరుకు వీధి అది. ఇస్తాంబుల్ వాళ్లు పెళ్లి బట్టలు, సున్తీ వేడుకకు పిల్లల డ్రెస్సులు కొనేది అక్కడే. మూటలు మోసేవాళ్లు "దారి, దారి" అని అరుస్తూ పోతుంటారు. కింద 1871 నాటి కాఫీ పొడి కొట్టు ముందు క్యూ ఉంటుంది, వాసన పట్టుకుని వెళ్లిపోవచ్చు. దిగుడు అమ్మగారి మోకాళ్లకు కష్టం. ఆవిడతో మీరు బజార్ దగ్గరి బెయాజిట్‌లో ట్రామ్ ఎక్కి ఎమినోనులో దిగండి, నాన్నగారిని నడిచి రానివ్వండి.

తర్వాత గలాటా వంతెన మీదకు వెళ్లండి. గాలాలు వేసి కూర్చునేవాళ్ల మధ్య నిలబడితే గోల్డెన్ హార్న్ (నగరంలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) కనిపిస్తుంది. దాని నోటికి అడ్డంగా 1453లో శత్రువుల ఓడలు రాకుండా గొలుసు కట్టి ఉంటే, ఆటోమన్ సుల్తాన్ మెహ్మెద్ తన ఓడలను గలాటా వెనక కొండ మీదుగా లాగించి ఆ నీళ్లలోనే దించాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. ఆ పాఠం అక్కడే మీకు చెప్పమనండి!

పాతబస్తీ_రఫీ:
భాను గారు చెప్పినవాటికి నాదొకటి కలుపుతాను: దోల్మాబాచే ప్యాలెస్, ఆటోమన్ సుల్తానుల రాజభవనం. సోమవారం మూసేస్తారు. చివరి ఖలీఫా అబ్దుల్‌మెజీద్ అక్కడే ఉండేవాడు. 1924 మార్చిలో కుటుంబంతో సహా దేశం నుంచి పంపేశారు. ఆయన కూతురు దుర్రుషెవార్ 1931లో నీస్ నగరంలో నిజాం పెద్ద కొడుకు ఆజం జాను పెళ్లాడి హైదరాబాద్ వచ్చారు. పురానీ హవేలీ దగ్గర ఆవిడ పేరుతో ఉన్న పిల్లల ఆసుపత్రి మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఆ ప్యాలెస్ చూసింది ఆవిడ కోసమే.

తెనాలి_పాఠకురాలు:
ఇద్దరికీ చాలా థాంక్సండి. నాన్నగారికి చదివి వినిపించాను. 1204 మాటకు "నిజమే" అని నోట్స్ రాసుకోవడం మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రం ఏదైనా ఒక్కటే అంటే దోల్మాబాచేనా, సులేమానియే మసీదా?

బోస్ఫరస్_భాను:
ప్యాలెస్‌లో మెట్లూ నడకా రెండూ ఎక్కువ. సులేమానియే కొండ మీదుంది, టాక్సీలో గుమ్మం దాకా వెళ్లండి. ఆటోమన్ల ప్రసిద్ధ వాస్తుశిల్పి సినాన్ 1557లో పూర్తిచేసిన మసీదది. ఆయన సమాధి కూడా పక్కనే, చాలా చిన్నది. అమ్మగారికి ఓపిక లేకపోతే అది కూడా వద్దు, ఎమినోనులో ఆసియా వైపున్న ఉస్కుదార్‌కు వెళ్లే ఫెర్రీ ఎక్కించండి. కూర్చునే ఊరంతా చూస్తారు.