బేస్‌బాల్‌లో బెంచ్ ఇన్‌ఫీల్డర్లను (బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ చేసే రిజర్వ్ ఆటగాళ్లను) ఎలా అంచనా వేయాలి? కాస్త చెప్పండి

మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి, బేస్‌బాల్ పిచ్చి మాత్రం ఇక్కడే పట్టింది. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు అభిమానిని.

2025 స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు అరిజోనాలో జరిగే సన్నాహక ఆటలు) నుంచి ఒక సందేహం తొలుస్తోంది. షార్ట్‌స్టాప్‌కి (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు) ఆడమెస్, మూడో బేస్‌కి చాప్‌మన్ ఖాయం. పోటీ అంతా బెంచ్ మీద చోటు కోసమే. చివరికి కేసీ ష్మిట్‌తో పాటు, అప్పటికి ఒక్క మేజర్ లీగ్ (అగ్రస్థాయి లీగ్) మ్యాచ్ కూడా ఆడని క్రిస్టియన్ కాస్ జట్టులోకి వచ్చాడు. ఇద్దరూ కుడిచేతి బ్యాటర్లే. ఎడమచేతి వాటం బ్రెట్ వైజ్లీని శాక్రమెంటోలోని మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టుకి పంపేశారు. అనుభవం ఉన్నవాణ్ణి ఎందుకు వదిలారో నాకు అర్థం కాలేదు.

26 మంది జట్టులో పిచర్లు (బంతి వేసేవాళ్లు) 13 మంది అనుకుంటే, మొదటి తొమ్మిది మంది బ్యాటర్లు పోను బెంచ్‌కి మిగిలేది నలుగురే. అందులో ఒకడు రెండో క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు). అంటే ఇన్‌ఫీల్డ్‌లో ఎక్కడ నిలబెట్టినా ఆడగలిగేవాడు కావాలి, అంతవరకు సరే. కానీ అరిజోనాలో ఆడే నలభై, యాభై బ్యాటింగ్ అవకాశాలతో ఎవరి సత్తా ఏం తెలుస్తుంది? ఎదురుగా బంతి వేసేవాడు కూడా ఒక్కోసారి మైనర్ లీగ్ కుర్రాడే!

మీరైతే దేన్ని ముందు చూస్తారు? బంతి విసిరే చేతి బలమా, స్ట్రైకౌట్లా (మూడు స్ట్రైక్‌లకు ఔటవడం), పరుగు వేగమా? మైనర్ లీగ్ ఆప్షన్లు (ఆటగాణ్ణి కింది లీగ్‌కి పంపడానికి జట్టుకుండే వెసులుబాటు) మిగిలి ఉండటమే కొందరి కొంప ముంచుతుందా? రోజుల తరబడి కూర్చుని, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హఠాత్తుగా దిగే కుర్రాడి ఓపికని ఎలా కొలుస్తారో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.