అమెరికా రైల్వే కుబేరులు దేశాన్ని కట్టారా, దోచుకున్నారా?

పాతపట్టాలు:
వాండర్‌బిల్ట్, స్టాన్‌ఫర్డ్ లాంటి రైల్వే ఓనర్లు లేకపోతే అమెరికాలో ఇండస్ట్రీయే లేదని ఒకాయన పొద్దున గ్రూపులో రాశాడు. నాకైతే మింగుడుపడట్లేదు. 1862 చట్టంతో సర్కారే రైల్వేలకి భూములిచ్చింది, పైగా మైలు లెక్కన అప్పు, మైదానంలో 16 వేల డాలర్లు, కొండల్లో 48 వేలు. తూర్పు నుంచి లైను వేసిన యూనియన్ పసిఫిక్ పెద్దలేమో క్రెడిట్ మొబిలియర్ అని ఇంకో కంపెనీ పెట్టి, తమ రైల్వే కాంట్రాక్టు తామే తీసుకుని, బిల్లులు పెంచేసి రైల్వేని పీల్చేశారు. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులకి చవగ్గా షేర్లు పంచిన సంగతి 1872లో పేపర్లకెక్కింది. వీళ్ళా దేశాన్ని కట్టింది?

లెక్కలమాస్టారు:
అప్పు అంటే అప్పే బాబూ, దానం కాదు. లేటయినా యూనియన్ పసిఫిక్ బాకీ 1890ల చివర్లో వసూలైంది, పడమటి నుంచి వేసిన సెంట్రల్ పసిఫిక్‌తో 1899లో వాయిదాల ఒప్పందం కుదిరింది. 1869 మే 10న యూటాలోని ప్రోమంటరీలో ఈ రెండు లైన్లు కలిశాక నెలలు పట్టే ప్రయాణం వారానికి దిగింది, అది మర్చిపోతే ఎలా. కార్నెగీ 1875లో పిట్స్‌బర్గ్ దగ్గర స్టీలు మిల్లు మొదలుపెట్టింది పట్టాల కోసమే, పేరు కూడా పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్రెసిడెంట్ ఎడ్గార్ థామ్సన్‌ది పెట్టాడు, కస్టమర్‌ని కాకా పట్టడం అంటే అదీ 😄 గడియారాలు కూడా వీళ్ళే సర్దారు, 1883 నవంబర్ 18న టైమ్ జోన్లు తెచ్చింది రైల్వేలే, కాంగ్రెస్ చట్టం చేసింది 1918లో.

కృష్ణాతీరం:
మాస్టారూ, సెంట్రల్ పసిఫిక్ లైను కోసం కాలిఫోర్నియాలో సియెర్రా కొండలు తొలిచింది ఎవరండీ? చైనా కూలీలు. 1867 జూన్‌లో తెల్లోళ్ళతో సమానంగా జీతం అడిగి సమ్మె చేస్తే కంపెనీలో నిర్మాణం చూసే క్రాకర్ తిండి సరుకులు ఆపించేశాడు, వారంలో పనిలోకి దిగాల్సొచ్చింది. మన పిల్లలు ఎగబడి అప్లై చేసే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆ రైల్వే డబ్బుతో వచ్చిందే.

పాతపట్టాలు:
ఇంకోటి. ఇండస్ట్రీ పెంచారు సరే, ఎవడు పెరగాలో కూడా వాళ్ళే డిసైడ్ చేశారు కదా. 1872లో రైల్వేలు చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ బ్యాచ్‌తో రహస్యంగా కుదుర్చుకున్న డీల్ చూడండి, వాళ్ళ కిరాయిలో తగ్గింపు ఒక్కటే కాదు, పోటీవాడు కట్టే కిరాయిలోంచి కూడా వాళ్ళకే వాటా! గొడవై డీల్ అమలు కాకుండానే పోయింది కానీ, ఈలోపే క్లీవ్‌ల్యాండ్ రిఫైనరీలు చాలావరకు రాక్‌ఫెల్లర్ చేతిలోకి వెళ్ళిపోయాయి. రైతులు అరిచి అరిచి 1887లో గానీ రేట్ల మీద కేంద్ర చట్టం రాలేదు.

బెజవాడజంక్షన్:
అందర్నీ ఒకే గాటన కట్టకండి బ్రో. ఈరీ రైల్వేలో దొంగ షేర్లు అచ్చేసిన జే గౌల్డూ, జేమ్స్ హిల్లూ ఒకటేనా? హిల్ గ్రేట్ నార్తర్న్ లైన్ 1893లో సియాటిల్ చేరింది, పడమటి సాగింపుకి కేంద్రం భూమి తీసుకోలేదు. అదే ఏడాది మాంద్యంలో యూనియన్ పసిఫిక్, నార్తర్న్ పసిఫిక్ రెండూ దివాలా తీశాయి, ఇతనిది నిలబడింది.

పాతపట్టాలు:
హిల్ మొదట చవగ్గా కొన్న మిన్నెసోటా లైన్‌కి భూములు ఎక్కడివో కూడా చెప్పు మరి. తర్వాత బ్యాంకర్ మోర్గాన్‌తో కలిసి నార్తర్న్ సెక్యూరిటీస్ అని కంపెనీ పెట్టి పోటీ లైన్లని ఒకే గొడుగు కిందకి తెస్తే 1904లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

లెక్కలమాస్టారు:
5-4 తేడాతో కొట్టేసింది నాయనా. కొట్టేయొద్దన్న ఆ నలుగురు జడ్జీల్లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ స్వయంగా నియమించిన హోమ్స్ ఉన్నాడు. సైజు పెద్దదవడం నేరమని చట్టంలో ఎక్కడుందన్నదే ఆయన వాదన.

పాతపట్టాలు:
సైజుతో నాకేం పేచీ లేదు మాస్టారూ. డకోటా రైతు గోధుమలు పంపాలంటే ఇంకో లైన్‌లో రేటు అడిగే అవకాశం ఉందా లేదా, నా పాయింట్ అంతే.