‘బ్రౌజ్’ అంటే ఊరికే చూడటమేనా?

ద్వారకానగర్ పాఠకురాలు:
మా వీధివారమంతా కలిసి ఒక చిన్న పఠనాలయం ఏర్పాటు చేసుకుంటున్నాము. అరల పక్కన పెట్టే బోర్డుకు ఆంగ్లంలో రాసుకున్న వాక్యంలో ‘బ్రౌజ్’ అనే మాట ఉన్నది. దానిని తెలుగు చేసే పని నాకు అప్పగించారు. నేను ‘పుస్తకాలను పైపైన చూడవచ్చు’ అని రాసి చూపించగా, చదువుకోవడానికి వచ్చేవారిని తక్కువ చేసినట్లున్నదని మా పెద్దలొకరు అభ్యంతరం చెప్పారు. ఇంతకీ ‘బ్రౌజ్’ అంటే శ్రద్ధ లేకుండా చూడటమేనా? దీనికి సరిపోయే తెలుగు మాట ఏది?

సీతమ్మధార అనువాదకుడు:
మీరు రాసినది సరిగానే ఉన్నదండి. జగదాంబ సెంటర్‌లో బట్టల దుకాణంలోకి అడుగుపెట్టగానే ‘ఏం కావాలండీ’ అని అడుగుతారు, మనం ‘ఊరికే చూస్తున్నామండీ’ అంటాము. ఆంగ్లంలో ఆ చోట వాడే మాట ఇదే. కొనే ఉద్దేశం లేదని మర్యాదగా చెప్పడమే దాని పని. ఒకే మాట కావాలంటే ‘విహరించవచ్చు’ అని రాయండి. కంప్యూటర్ తెలుగులో బ్రౌజర్‌ను ‘విహరిణి’ అని ఇప్పటికే కొందరు రాస్తున్నారు కదా.

మద్దిలపాలెం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఈ రెండు సూచనలతోనూ నేను ఏకీభవించలేను. ఈ మాట పాత ఫ్రెంచి భాషలో ‘చిగురు’ అనే అర్థం గల మాట నుంచి 15వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చింది. మొదటి అర్థం పొదల ఆకులను, లేత కొమ్మలను పశువులు తినడం. పుస్తకాలను అక్కడక్కడ చదవడం అనే అర్థం 19వ శతాబ్దంలో స్థిరపడింది. గడ్డి మేయడానికి ఆంగ్లంలో ‘గ్రేజ్’ అనే వేరే మాట ఉన్నది. జంతుశాస్త్రం ఈ భేదాన్ని నేటికీ పాటిస్తుంది. ఆఫ్రికాలోని రెండు రకాల ఖడ్గమృగాలలో తెల్లదానికి మూతి వెడల్పుగా ఉంటుంది, అది గడ్డి మేస్తుంది. నల్లదానికి పైపెదవి కొక్కెంలా ముందుకు సాగి ఉంటుంది, అది ఆ పెదవితో కొమ్మను పట్టి ఆకు దూసుకుంటుంది.

అంత దూరం పోనక్కరలేదు. సింహాచలం కొండ వాలులో మేకలను కాసేపు నిలబడి గమనించండి. ఆవు తల దించి, ఉన్నచోటి గడ్డినంతా వరుసగా కొరుక్కుంటూ పోతుంది. మేక అలా కాదు. ముందుకాళ్లు రేగుచెట్టు మీద ఆనించి, మెడ సాచి, ముళ్ల మధ్య నుంచి లేత చిగురును మాత్రం పెదవితో తుంచుకుని, రెండు ఆకులు నమిలి, ఇంకో పొదకు వెళ్లిపోతుంది. ఏ చిగురు లేతదో ఏది ముదిరినదో దానికి తెలిసినంతగా మనకు తెలియదు. అందులో అశ్రద్ధ ఎక్కడ ఉన్నది? తిరుగుతూ ఏరుకోవడమే ఈ మాటకు ప్రాణం. ‘పైపైన’ అంటే ఆ ఏరిక పోతుంది, ‘విహరించు’ అంటే నౌకావిహారమో వనవిహారమో గుర్తుకు వస్తుంది.

పశువుల మేత నుంచి మనసు పనికి మాట రావడం మనకు కొత్త కాదు. ‘నెమరువేయు’ అనే మాటను జ్ఞాపకాలకు వాడేటప్పుడు ఆవు గుర్తుకు రానంత సహజంగా వాడుతున్నాము. మేతకు వెళ్లే మాట మాత్రం మన భాషలో పుస్తకాల వైపు రాలేదు; ‘మేయు’ అంటే లంచాల అర్థమే ముందు తోస్తుంది.

గాజువాక నెట్ సెంటర్:
మాస్టారూ, మీరు చెప్పిన ఏరికను నేను రోజూ చూస్తున్నాను. ఒక దరఖాస్తు ఫారంలో ఫొటో జతచేసే చోట ఉండే ‘బ్రౌజ్’ బొత్తాన్ని తెలుగులో ‘విహరించు’ అని పెట్టారు. మొన్న పింఛను కోసం వచ్చిన ఒక పెద్దావిడ దానిని కూడబలుక్కుని చదివి, మౌస్ మీద చేయి పెట్టి, ‘ఎక్కడికి పోవాలి నాయనా’ అని నన్ను అడిగారు. ఆ బొత్తాం పని ఫోల్డర్ తెరిచి, ఉన్నవాటిలో ఒక ఫొటోను ఎంచుకోనివ్వడం. ‘ఎంచుకోండి’ అని రాసి ఉంటే ఆవిడకు నా సహాయమే అవసరం ఉండేది కాదు. ఆ పదం పెట్టినవారు బొత్తాం నొక్కి చూడలేదన్నది నా బాధ.

సీతమ్మధార అనువాదకుడు:
బొత్తాం విషయంలో నా పొరపాటును ఒప్పుకుంటున్నాను, ‘విహరించు’ను వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మాస్టారి వాదంలో నాకు ఒక చిక్కు కనిపిస్తున్నది. మాట పుట్టుక వేరు, నేటి వాడుక వేరు. ఆంగ్లంలోనే ‘పెరూజ్’ అంటే పాత వాడుకలో ఆసాంతం శ్రద్ధగా చదవడం. నేడు చాలామంది దానిని అలా ఒకసారి చూడటానికి వాడుతున్నారు, అది తప్పా ఒప్పా అని అక్కడివారే వాదించుకుంటున్నారు. జనం నోట ఉన్నదే భాష అని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన ఉత్తరాంధ్రలో కూర్చుని, 15వ శతాబ్దపు మేకను సాక్ష్యానికి పిలవడం నాకు సమ్మతం కాదు. దుకాణంలో ‘ఊరికే చూస్తున్నాము’ అన్న మనిషి నిజంగానే ఏమీ ఏరుకోవడం లేదు.

మద్దిలపాలెం, విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఏరుకోకుండా పోవచ్చు, కానీ ఏరుకునే వీలు కోసమే లోపలికి వచ్చాడు కదండీ. చీరను చేత్తో తడిమి, అంచు మడత విప్పి చూసి, ధర చీటీ తిప్పి చదివినవాడిని నేను ఊరికే చూసినవాడిగా లెక్కించను. అయితే మీరన్న ఒక మాట నిజం: అన్ని చోట్లకూ సరిపోయే ఒకే తెలుగు మాట కోసం వెదకడం నా పొరపాటే. దుకాణంలో ‘చూస్తున్నాము’, ఫారంలో ‘ఎంచుకోండి’, నెట్ దగ్గర జనం నోట నలిగిన ‘బ్రౌజింగ్’. పుస్తకాల అర దగ్గర మనకు ‘తిరగేయడం’ ఎప్పటి నుంచో ఉన్నది.

ద్వారకానగర్ పాఠకురాలు:
అందరికీ నమస్కారాలు. మా పెద్దలకు ఇదంతా చదివి వినిపించాను. ‘పుస్తకాలు తీసి తిరగేయండి, నచ్చినది కూర్చుని చదువుకోండి’ అన్న వాక్యానికి ఆయన ఒప్పుకున్నారు. అయితే ‘తిరగేయండి’ అంటే పిల్లలు పుస్తకాలను తలకిందులుగా పెడతారేమోనని కొత్త సందేహం వచ్చి, ‘పేజీలు తిరగేయండి’ అని ఆయనే దిద్దారు. బోర్డు రాసే ఆయన రేపు ఉదయం వస్తున్నారు.