అధ్యాపకుల శిక్షణ, సమాజంతో కలిసి పని: ఏడాది ప్రణాళిక ఎలా వేయాలి?

ప్రశ్న · పాఠ్యరేఖ

అందరికీ నమస్కారం. దాదాపు 200 మంది అధ్యాపకులున్న యూనివర్సిటీకి వచ్చే విద్యా సంవత్సరపు ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రణాళిక వేయాలి. బయటి సంస్థలతో, చుట్టుపక్కల జనంతో కలిసి చేసే కార్యక్రమాలు కూడా ఈ విభాగం కిందికే వచ్చాయి. చూసుకునేది ఇద్దరం. అందులో ఒకరిది సగం పూట ఉద్యోగం.

ప్రస్తుతం సెమిస్టర్‌కి రెండు ఒక్కరోజు వర్క్‌షాపులు జరుగుతున్నాయి. ఒక వక్త, స్లైడ్లు, భోజనం, ఫీడ్‌బ్యాక్ ఫారం, సర్టిఫికెట్. ఫారాల్లో అందరూ ‘చాలా బాగుంది’ అనే రాస్తారు. పాఠం చెప్పే తీరులో మాత్రం తేడా కనిపించదు. బయటి కార్యక్రమాల సంగతికొస్తే, విద్యార్థులను ఒక పూట తీసుకెళ్లి ఫొటోలతో రిపోర్టు పెట్టడంతో సరిపోతోంది.

ఇంత తక్కువ మందితో నిజంగా పనికొచ్చేవి ఏవి పెట్టుకోవాలి? ఏవి మానేయాలి? శిక్షణనీ బయటి పనినీ విడివిడిగా నడపాలా, కలపాలా? పద్ధతి, పట్టే సమయం, ఎక్కడ దెబ్బతింటుంది అన్నవి వివరంగా చెప్తే మేలు.

జవాబు · నల్లబల్ల

ముందు మానేయాల్సింది చెప్తాను. ఏడాదికి నాలుగు వర్క్‌షాపులంటే అందులో మూడు ఎత్తేయండి. లోపం వక్తలది కాదు. విన్నదాన్ని క్లాసులో మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఎవరైనా తడబడతారు. అప్పుడు పక్కన అడిగేందుకు మనిషి ఉండరు కాబట్టి మళ్లీ పాత దారే పడతారు. సాయం కావాల్సింది ఆ రెండో, మూడో ప్రయత్నం దగ్గర. వర్క్‌షాపు అంతకు చాలా ముందే అయిపోయి ఉంటుంది.

ఆ మిగిలిన సమయాన్ని సెమిస్టర్ మధ్యలో తీసుకునే ఫీడ్‌బ్యాక్‌కి పెట్టండి. 1970ల చివర్లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. 15 వారాల సెమిస్టరైతే 5 నుంచి 7 వారాల మధ్య చేయాలి. అంతకు ముందైతే విద్యార్థులకు చెప్పడానికి ఏమీ ఉండదు, ఆ తర్వాతైతే మార్చుకోవడానికి వ్యవధి ఉండదు. క్లాసు మొదట్లో 25 నుంచి 30 నిమిషాలు చాలు. అధ్యాపకులు బయటికి వెళ్లిపోతారు, మరో విభాగం నుంచి వచ్చిన సహోద్యోగి నడుపుతారు. నలుగురైదుగురు చొప్పున గుంపులు చేసి మూడు ప్రశ్నలిస్తారు: ఈ కోర్సులో మీరు నేర్చుకోవడానికి ఏది తోడ్పడుతోంది, ఏది అడ్డుపడుతోంది, ఆ అడ్డు తొలగడానికి ఏం చేయాలి. గుంపుకి 8 నిమిషాలు. తర్వాత ఒక్కో గుంపు చెప్పింది బోర్డు మీద రాసి, ఎంతమంది ఒప్పుకుంటారో చేతులెత్తించి లెక్క వేస్తారు. ఆ లెక్కే కీలకం. ‘వేగంగా చెప్తున్నారు’ అన్నది ఇద్దరి మాటా, నలభై మంది మాటా అన్నది అక్కడ తేలిపోతుంది.

రెండు రోజుల్లో ఆ సహోద్యోగి, అధ్యాపకులు ముప్పావుగంట కూర్చుంటారు. వచ్చే క్లాసులోనే అధ్యాపకులు విద్యార్థులకు జవాబు చెప్పాలి: ఈ రెండు మారుస్తాను, ఇది మార్చను, కారణం ఇదీ అని. ఈ చివరి మెట్టు వదిలేస్తే మొత్తం చేయకపోయినా బాగుండేది అనిపిస్తుంది. అడిగి పట్టించుకోలేదన్న మాట విద్యార్థుల్లో ఉండిపోతుంది.

ఇది చెడిపోయే దారులు రెండు. నడిపేది విభాగాధిపతి అయితే విద్యార్థులు నోరు విప్పరు. ఆ రిపోర్టు ప్రమోషన్ ఫైల్లోకి వెళ్తుందని తెలిస్తే అధ్యాపకులెవరూ ముందుకు రారు. అందుకే రిపోర్టు ఒకే కాపీ, అది ఆ అధ్యాపకుల చేతికే అని రాతపూర్వకంగా ప్రకటించండి.

దీని తర్వాతి మెట్టు ఒకరి క్లాసు ఒకరు చూడటం. ‘వచ్చి చూసి అభిప్రాయం చెప్పండి’ అంటే పొగడ్తలే వస్తాయి. ముందు 20 నిమిషాలు కూర్చుని చూడాల్సింది ఒక్కటే తేల్చుకోవాలి. కోపస్ అనే పరిశీలన పత్రం 2013లో వచ్చింది. ప్రతి 2 నిమిషాలకోసారి విద్యార్థులు ఏం చేస్తున్నారు, అధ్యాపకులు ఏం చేస్తున్నారు అని గళ్లలో టిక్ పెట్టడమే అందులో పని. మొత్తం 25 కోడ్లు, అంటే ఒక్కో రకం పనికి ఒక్కో గుర్తు. గంటన్నర శిక్షణతో ఎవరైనా వాడగలరు. తీర్పు ఉండదు కాబట్టి గొడవ కూడా ఉండదు.

ఇంకా చిన్నగా మొదలుపెట్టాలంటే గడియారం చాలు. ప్రశ్న అడిగాక అధ్యాపకులు ఎన్ని సెకన్లు ఆగుతున్నారో రాయండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో బడి తరగతుల్లో కొలిస్తే సగటున సుమారు 1 సెకను వచ్చింది. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోవడం తగ్గింది. కాగితం మీద వరసగా 1, 1, 2, 1, 1 అని కనపడితే అవతలివారికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. చూసిన 48 గంటల్లోపే మాట్లాడుకోవాలి. వారం దాటితే ఇద్దరికీ ఏ క్షణం గురించి మాట్లాడుతున్నారో గుర్తుండదు.

జవాబు · ఊరివంతెన

బయటి పని గురించి. ఫొటోల కార్యక్రమాలు ఎందుకు మొక్కుబడి అవుతాయంటే, పని ఏమిటో యూనివర్సిటీలోనే తేల్చేసి, ఆ తర్వాత దానికి సరిపోయే సంస్థ కోసం వెతుకుతారు. వరస తిప్పాలి.

మొదటి సమావేశం వాళ్ల చోట, వాళ్ల సమయంలో. చేతిలో ప్రతిపాదన ఉండకూడదు. నాలుగు సంగతులు అడిగి రాసుకోండి: మనుషులు లేక ఆగిపోయిన పని ఏది, ఏడాదిలో ఊపిరాడని నెలలు ఏవి, నిర్ణయం తీసుకునేది ఎవరు, ఇంతకుముందు యూనివర్సిటీ వాళ్లు వచ్చి చేసిందేమిటి, దాన్ని ఇప్పుడు వాడుతున్నారా. నాలుగోదానికి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. సర్వే చేసుకెళ్లారు, ఫలితం మళ్లీ చూపించలేదు అన్న ఫిర్యాదు చాలాచోట్ల అక్కడే బయటపడుతుంది.

రెండోది క్యాలెండర్. 15 వారాల సెమిస్టర్‌లో మొదటి మూడు వారాలు జట్లు కుదరడానికి, చివరి రెండు పరీక్షలకు పోతే పనికి మిగిలేది పదే వారాలు. అవతలి సంస్థకు సెమిస్టర్లు ఉండవు. అందుకే ఒప్పందంలో సెలవుల్లో ఎవరు ఫోన్ ఎత్తుతారో పేరుతో సహా రాయాలి.

ఒప్పందం రెండు పేజీలు మించక్కర్లేదు. ఉద్దేశం, ఎవరు ఏం చేస్తారు, వారానికి ఎన్ని గంటలు, ఖర్చు ఎవరిది, సేకరించిన సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు, వ్యాసం రాస్తే ముందుగా వాళ్లకు చూపించాలా, మధ్యలో ఆపేయాలంటే ఎలా. చివరి రెండూ ఇబ్బందిగా అనిపించి చాలామంది వదిలేస్తారు. గొడవలొచ్చేది ఆ రెండింటి దగ్గరే. మనుషులను ఇంటర్వ్యూ చేసేదుంటే ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి ముందు సెమిస్టర్‌లోనే తెచ్చుకోండి. కోర్సు మొదలయ్యాక దరఖాస్తు పెడితే పది వారాల్లో సగం ఎదురుచూపులకే పోతాయి.

చేసి ఇచ్చేది వాళ్లు వాడగలిగేదై ఉండాలి. ఉదాహరణకు ఒక చిన్న క్లినిక్ రోగుల వివరాలు స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుంటుంది అనుకుందాం. విద్యార్థులు రంగురంగుల డ్యాష్‌బోర్డు చేసి ఇస్తే, అది నడిచే సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉండదు. రెండు నెలల్లో మూలన పడుతుంది. అదే షీట్‌లో తేదీలు మూడు రకాలుగా రాసి ఉంటే ఒకే పద్ధతికి తేవడం, ఊరి పేరు టైప్ చేయకుండా జాబితాలోంచి ఎంచుకునేలా చేయడం, ఎలా నింపాలో ఒక పేజీ రాసి గోడకు అంటించడం... ఇవి చూడటానికి చిన్నవి, కానీ ఏడాది తర్వాత కూడా వాడుకలో ఉంటాయి.

కలపాలా వద్దా అన్నదానికి: కలపండి. ఒహాయోలోని మయామీ యూనివర్సిటీలో 1979 నుంచి ఫ్యాకల్టీ లెర్నింగ్ కమ్యూనిటీలు నడుస్తున్నాయి. వేర్వేరు విభాగాల నుంచి 8 నుంచి 12 మంది, ఏడాది పొడవునా, సుమారు మూడు వారాలకోసారి కలుస్తారు. మీరు అలాంటిది ఒక్కటే పెట్టండి, దాని అంశం ‘బయటి సంస్థతో కలిసి నడిచే కోర్సు’. మొదటి సెమిస్టర్ అంతా సంస్థతో మాటలు, ఒప్పందం, సిలబస్ మార్చడం. రెండో సెమిస్టర్‌లో కోర్సు నడపడం, నల్లబల్ల గారు చెప్పిన ఫీడ్‌బ్యాక్ అందులోనే తీసుకోవడం. సంస్థ మనిషిని కూడా సభ్యుడిగానో సభ్యురాలిగానో కూర్చోబెట్టి, వచ్చిన గంటలకు పారితోషికం ఇవ్వండి. అధ్యాపకులు జీతం మీద కూర్చునే గదిలో ఆయనో ఆవిడో ఊరికే కూర్చోవడం న్యాయం కాదు.

ఇలాంటి బృందాలు నీరసించేది మూడో సమావేశం తర్వాత. వ్యాసాలు చదివి చర్చించుకోవడం వరకే ఉంటే హాజరు పడిపోతుంది. ప్రతిసారీ ఒకరి అసలు కాగితం, అంటే సిలబస్సో అసైన్‌మెంటో, బల్ల మీద ఉండాలి.

జవాబు · కొత్తపలక

ఊరివంతెన గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. ఉద్యోగంలో మొదటి ఏడాది ఉన్నవారిని ఆ బృందంలోకి తీసుకోకండి. కొత్తగా రెండు మూడు కోర్సులు తయారు చేసుకుంటున్న మనిషికి బయటి సంస్థ బాధ్యత కూడా పెడితే రెండూ దెబ్బతింటాయి, మాట తప్పిన నష్టం సంస్థ మీద పడుతుంది. వాళ్లకు సెమిస్టర్ మొదలవకముందే రెండు రోజులు కేటాయించండి. మీరు ఉంచుకునే ఒక్క వర్క్‌షాపు ఇదే కావాలి. ఉపన్యాసాలు వద్దు, ఎవరి సిలబస్ వాళ్లు తెచ్చుకుని అక్కడే పూర్తి చేసుకుని వెళ్లాలి.

కాంట్రాక్టు మీద, గంటల లెక్కన చెప్పేవారిని కూడా మర్చిపోకండి. శిక్షణ గంటలకు డబ్బు ఇవ్వకపోతే వాళ్లు రాలేరు. ‘ఆసక్తి లేదు’ అని రాసేస్తారు కానీ ఆ సమయంలో వాళ్లు ఇంకో చోట క్లాసు చెప్తుంటారు.

జవాబు · దస్త్రం

పద్ధతులు ఎంత మంచివైనా ప్రమోషన్ నిబంధనల్లో చోటు లేకపోతే రెండో ఏడాదికి మనుషులు మిగలరు. 1990లో అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్, పరిశోధన ఒక్కటే పాండిత్యం కాదని వాదిస్తూ, అన్వేషణ, సమన్వయం, అనువర్తనం, బోధన అని నాలుగు రకాలు చెప్పారు. తర్వాత 1997లో వాటిని అంచనా వేయడానికి ఆరు ప్రమాణాలు వచ్చాయి: స్పష్టమైన లక్ష్యం, తగిన సన్నద్ధత, సరైన పద్ధతి, చెప్పుకోదగ్గ ఫలితం, చక్కని ప్రదర్శన, ఆత్మవిమర్శ. మీ కమిటీతో మాట్లాడేటప్పుడు ఈ ఆరు పట్టుకోండి. ‘సమాజ సేవ చేశారు’ అంటే పక్కన పెట్టేస్తారు, ఈ ఆరు శీర్షికల కింద నాలుగు పేజీలు పెడితే చదవక తప్పదు.

ఫైల్లో సంస్థ ఇచ్చే లేఖ ఉండాలి. ‘చాలా సహకరించారు’ అనే పొగడ్త లేఖకు విలువ లేదు. ఈ పని రాకముందు మేమిలా చేసేవాళ్లం, ఇప్పుడిలా చేస్తున్నాం అని రెండు వాక్యాలుంటే చాలు. ఆ లేఖ పని ముగిసిన నెలలోపే అడగండి. మూడేళ్ల తర్వాత అడిగితే రాసే మనిషి అక్కడ ఉండకపోవచ్చు.

శిక్షణ ఫలితం కొలవడానికి ఫీడ్‌బ్యాక్ ఫారాన్ని నమ్మకండి. ఒక సెమిస్టర్ గడిచాక, శిక్షణకు ముందు ఇచ్చిన అసైన్‌మెంట్ కాగితం, తర్వాత ఇచ్చినది పక్కపక్కన పెట్టమనండి. మార్పు ఉంటే అందులో కనపడుతుంది.

పాఠ్యరేఖ

అందరికీ ధన్యవాదాలు, చాలా స్పష్టత వచ్చింది. ఒక సందేహం మిగిలింది. ఇక్కడ ఒక్కో కోర్సులో 60 మంది విద్యార్థులుంటారు. అందరినీ ఒకే సంస్థకు పంపొచ్చా?

జవాబు · ఊరివంతెన

వద్దు. లెక్క వేసి చూడండి. ఒక్కో విద్యార్థి కోసం సంస్థ మనిషి వారానికి అరగంట వెచ్చించినా 60 మందికి 30 గంటలు. పది వారాలకు 300 గంటలు. దాదాపు ఒక ఉద్యోగి పూర్తి సమయం దానికే పోతుంది, అంటే మీరు సాయం చేయడం పోయి వాళ్ల మీద భారం వేసినట్టే.

అయిదుగురు చొప్పున 12 జట్లు చేయండి. రెండు జట్లు మాత్రమే సంస్థతో నేరుగా మాట్లాడతాయి, మిగతా పది ఆ రెండు తెచ్చిన సమాచారంతో క్లాసులోనే పని చేస్తాయి. సంస్థకు వెళ్లే ప్రశ్నలన్నీ శుక్రవారానికి ఒకే కాగితం మీదికి చేర్చి, అధ్యాపకులే పంపాలి. విద్యార్థులు విడివిడిగా ఫోన్లు చేయకూడదని మొదటి క్లాసులోనే చెప్పండి. ఆ రెండు జట్లను అయిదో వారంలో మార్చాలనిపిస్తుంది, అందరికీ అవకాశం రావాలి కదా అని. మార్చకండి. కొత్త జట్టుకు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సింది సంస్థవాళ్లే. వెళ్లలేకపోయిన పది జట్లకు చివరి వారంలో సంస్థ మనిషి ఎదుట తమ పని చూపించే గంట ఒకటి పెట్టి, ఆ తేదీ, సమయం ఒప్పందంలోనే రాసేయండి.